మొవ్వు కనిపించే ఎత్తు

షాంఘైలో నది పక్కన మూడు ఆకాశహర్మ్యాలు దగ్గర దగ్గరగా నిలబడి ఉన్న చోట, కాలిబాట మీద ఆగి, మా అప్ప ఎడమ చెయ్యి మెడ వెనక పెట్టుకుంది. కుడి అరచెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుంది. నడుము కాస్త వెనక్కి వాల్చి పైకి చూసింది. ఆ నిలబడ్డ తీరులో నాకు మా అయ్య కనిపించాడు. ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన బతికిన వయసును అప్ప ఎప్పుడో దాటేసింది. అయినా ఆ మెడ వంపు, ఆ చేతి అడ్డం, నోరు కొద్దిగా తెరుచుకుని ఉండడం, అన్నీ ఆయనవే. నా కూతురు సుగుణ ఫొటో తియ్యడానికి ఫోన్ ఎత్తితే వద్దని సైగ చేశాను. కదిలిస్తే ఆయన వెళ్ళిపోతాడేమో అనిపించింది.

అప్ప అంటే మా వాడుకలో అక్క. పేరు పైడమ్మ. మా తాతలు విజయనగరం వైపు నుంచి మలయా కొబ్బరి తోటలకు కూలికి వెళ్ళినవాళ్ళు. అప్ప, అయ్య, ఏటి, బేగి అనే మాటలు వాళ్ళతోనే ఓడెక్కాయి. తరవాత మాతో రైలెక్కి సింగపూర్ దాకా వచ్చాయి. ఇక్కడ పుట్టిన సుగుణకి అవి సగమే తెలుసు.

నేను రోజూ డైరీ రాసే మనిషిని. ఓడల మరమ్మతు యార్డులో స్టోరు చూసుకునే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఏ బోల్టు ఏ అరలో ఉందో వెతక్కుండా చెప్పడమే నా పని. డైరీకి కూడా అలాంటి పద్ధతే ఒకటి పెట్టుకున్నాను. ముందు వాన సంగతి, తరవాత వంట, ఆ తరవాత వచ్చినవారు, చివర వెళ్ళినవారు. అయితే ఆ కాలిబాట మీద నాకు వచ్చిన జ్ఞాపకాలు ఏ అర ప్రకారమూ రాలేదు. అన్నిటికంటే ముందు, వెల్లుల్లి వేసి కాచిన కొబ్బరినూనె వాసన వచ్చింది.

అయ్య పని కొబ్బరికాయలు దింపడం. మా ఎస్టేట్‌లో ఎవరూ చెట్టెక్కేవాళ్ళు కాదు. వెదురు గడలు ఒకదానికొకటి కట్టి, కొసన కొడవలి బిగించి, కింద నిలబడే గెలలు కోసేవాళ్ళు. అంటే పొద్దున్నించి మధ్యాహ్నం దాకా మెడ వెనక్కి వంచి పైకి చూడడమే. కళ్ళలో పొట్టు రాలేది, చీమలు పడేవి. కాయ ఎటు ఊగుతోందో, ఎటు పడబోతోందో చూసుకుని పక్కకు తప్పుకోవాలి. ఇంటికి వచ్చాక కూడా ఆయన మెడ మామూలుగా నిలిచేది కాదు. మాతో మాట్లాడుతూ ఇంటికప్పు వైపు చూసేవాడు. అమ్మ గోరువెచ్చని నూనె గిన్నె తెచ్చి, ఆయన వెనక పీట వేసుకుని కూర్చుని, మెడను ముందుకు వంచి వంచి రాసేది. మాకు దగ్గర్లోనే ఎండుకొబ్బరి బట్టీ ఉండేది. దాని పొగ మా బట్టలకీ జుట్టుకీ అన్నానికీ కూడా పట్టేది. ఇవాళ్టికీ తిండి అంగళ్ళుండే ఏ హాకర్ సెంటర్‌లోనైనా బొగ్గుల మీద సాతే మాంసం పుల్లలు కాలుస్తుంటే, ఆ పొగలో ఒక్క క్షణం ఎస్టేట్ కూలీల వరస ఇళ్ళలోని మా లైను ఇల్లు నిలబడి పోతుంది.

అయ్యకు ఇంకో అలవాటు ఉండేది. అన్నం తినేటప్పుడు ఎవరూ ఆయన తల మీదుగా ఏదీ అందించకూడదు. మజ్జిగ చెంబైనా సరే, కింద పెట్టి ఆయన వైపు జరపాలి. అమ్మ మరిచిపోయి నిలబడి వడ్డిస్తే, కంచం పట్టుకుని పక్కకు జరిగిపోయేవాడు. మేం నవ్వేవాళ్ళం. పైనుంచి వచ్చేదేదైనా తప్పుకోవాల్సిందే అని ఆయన ఒళ్ళు నేర్చుకుంది. ఒళ్ళు నేర్చుకున్నది ఇంటికి రాగానే మరిచిపోతుందా? ఇది నాకు అప్పట్లో తెలియలేదు. అప్ప విషయంలో చాలా ఏళ్ళకు తెలిసింది.

తోటను ముక్కలు చేసి అమ్మేశాక మేం దక్షిణానికి వచ్చాం. సింగపూర్‌లో అయ్యకు పార్కుల్లో మొక్కలు చూసే పని దొరికింది. మాకు ఏడో అంతస్తులో ఒక గది ఫ్లాట్ అద్దెకు దొరికింది. ఆ రోజుల్లో ఆ బ్లాకుల్లో లిఫ్టు అన్ని అంతస్తుల్లో ఆగేది కాదు. కింద ఒకసారి, అయిదులో ఒకసారి, తొమ్మిదిలో ఒకసారి ఆగేది. ఏడో అంతస్తు వాళ్ళు అయిదులో దిగి పైకెక్కాలి, లేదా తొమ్మిదిలో దిగి కిందికి రావాలి. దీని మీద మా ఇంట్లో రెండు పార్టీలు ఉండేవి. బరువుతో మెట్లు దిగడమే సుఖం అనేది అమ్మ. ఇంటిని దాటి పైకి పోయి మళ్ళీ ఇంటికి రావడమేంటి, మతి లేదా అనేవాడు అయ్య. ఇద్దరూ మార్కెట్ నుంచి కలిసి వచ్చేవాళ్ళు, ఒకే లిఫ్టు ఎక్కేవాళ్ళు. అయిదులో ఆయన దిగిపోయేవాడు. ఆమె తొమ్మిదికి పోయేది. ఇద్దరూ చెరోవైపు నుంచి వచ్చి మా గుమ్మం ముందు కలుసుకుని, ఎవరు ముందొచ్చారో వాదించుకునేవాళ్ళు.

మేం వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం అయ్య కారిడార్ గోడ మీద నుంచి వంగి కిందికి చూస్తూ ఉండిపోయాడు. ఏమైందోనని అమ్మ బయటికి వచ్చింది. కింద రెండు బ్లాకుల మధ్య పాత కాలం కొబ్బరిచెట్టు ఒకటి మిగిలిపోయి ఉంది.

"ఏటి సూస్తన్నావు?" అంది అమ్మ.

"మొవ్వు," అన్నాడు అయ్య. "మొవ్వు కనిపిస్తన్నాది. ఇన్నేళ్ళూ కాయలు సూసినాను, మట్టల అడుగు సూసినాను. సెట్టు నెత్తి ఇలగుంటాదని నాకు తెల్దు. పైడీ, మూర్తీ, ఇలారండి. సూడండి."

మేం వెళ్ళి చూశాం. కొబ్బరిచెట్టు తలను పైనుంచి చూస్తే మట్టలు చుట్టూ విచ్చుకుని ఉంటాయి, నడిమధ్యన లేత మొవ్వు నిటారుగా లేస్తూ ఉంటుంది. అంతే. కాని అయ్య మా ఇద్దరి భుజాల మీద చేతులు వేసి దాన్ని చూపించిన తీరు, అదేదో ఆయన సంపాదించి తెచ్చిన వస్తువైనట్టు ఉంది. ఆ తరవాత ప్రతి సాయంత్రం ఆయనకు అదే పని. మెడ ముందుకు వంచి కిందికి చూడడం. నూనె రాసే పని తగ్గిందని అమ్మ అనేది.

లిఫ్టు మీద అమ్మకు గౌరవం ఉండేది. ఎక్కే ముందు వంగి ఆ ఇనుప గడపను ముట్టుకుని కళ్ళకద్దుకునేది. ఎస్టేట్‌లో లారీ ఎక్కేటప్పుడు కూడా అలాగే చేసేది. మోసేదాన్ని మొక్కాలి అనేది. సింగపూర్‌లో మా మొదటి దసరా వచ్చింది. ఎస్టేట్‌లో అయితే గడనీ కొడవలినీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టేవాళ్ళం. ఇప్పుడు ఇంట్లో కొడవలి లేదు. అయ్య వాడే కత్తెరలు సర్కారువి, అవి అక్కడే గదిలో పెట్టి తాళం వేస్తారు. పూజ దేనికి చెయ్యాలని అమ్మ రెండు రోజులు ఆలోచించి, లిఫ్టుకి చెయ్యాలని తేల్చింది.

పొద్దున్నే అయిదో అంతస్తుకు దిగాం. తలుపుల మీద పసుపు బొట్లు, వాటిలో కుంకుమ. అప్పకు అప్పటికి పెళ్ళీడు. హారతి పళ్ళెంతో లోపల నిలబడి, తలుపు మూసుకోకుండా మీట నొక్కి పట్టుకోమని అమ్మ చెప్పింది. అప్ప అలాగే నిలబడింది. అమ్మ కొబ్బరికాయను లిఫ్టు గడప మీదే కొట్టింది. గుడి మెట్టు మీద కొట్టినట్టు, ఎస్టేట్ లారీ ముందు రాయి మీద కొట్టినట్టు, గట్టిగా ఒక్కటే దెబ్బ. నీళ్ళు చింది అప్ప ముఖాన పడ్డాయి. ఉలిక్కిపడి మీట వదిలేసింది. తలుపులు మూసుకున్నాయి. ఒక చిప్ప ముక్క గడప గాడిలో దిగిపోయింది. లిఫ్టు కిందికి కాస్త జారి, ఒక మూలుగు మూలిగి, రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల దీపం ఆరింది.

ఆ చీకటి పెట్టెలో అప్ప చేతిలో కర్పూరం వెలుగుతోంది. హారతిని నోటితో ఊదకూడదని మాకు చిన్నప్పటి నుంచీ చెప్పారు. అందుకని ఊదలేదు. కర్పూరం దానంతటది ఆరేదాకా ఆ పొగలో పళ్ళెం పట్టుకుని నిలబడింది. ఆ తరవాత ఇంకా చాలాసేపు చీకట్లో నిలబడింది. బయట అమ్మ లెంపలేసుకుంటూ లిఫ్టుకు దణ్ణాలు పెడుతోంది. అయ్య మెట్ల మీద కిందికీ పైకీ పరుగెడుతున్నాడు. పక్కింటి చైనా ఆంటీ మాత్రం నేల మీద బోర్లా పడుకుని, తలుపు కింద సందులో నోరు పెట్టి, "జంగన్ తాకుట్, జంగన్ తాకుట్" అంటూనే ఉంది. మలయ్ భాషలో భయపడకు అని. ఆవిడకు మా తెలుగు రాదు, మాకు ఆవిడ భాష రాదు. మలయ్ ఒక్కటే మా రెండు ఇళ్ళ మధ్య గుమ్మం. లోపలి నుంచి అప్ప ఏడుపు వినిపించినప్పుడల్లా ఆవిడ ఆ మాటనే మళ్ళీ మళ్ళీ, జోలపాటలా అనేది.

మెకానిక్ వచ్చి గాడిలోంచి కొబ్బరి ముక్కను తీశాడు. దాన్ని వాసన చూసి, అమ్మ వైపు తిరిగి, "మకాన్?" అన్నాడు. ఇది తినేదేనా అని. అమ్మ సిగ్గుతో రెండో చిప్ప అతని చేతిలో పెట్టింది. అతను తీసుకున్నాడు కూడా. ఆ రోజుకు అందరం నవ్వుకున్నాం, అప్ప తప్ప. తలుపులు తెరుచుకోగానే బయటికి వచ్చి, పళ్ళెం నాకిచ్చి, మెట్లెక్కి ఇంటికి పోయింది. "ఇంక నానెక్కను," అంది. అప్పటికి అది అలిగి అన్న మాట అనుకున్నాం.

అలక కాదు. అప్ప మరి లిఫ్టు ఎక్కలేదు. బడి క్యాంటీన్‌లో వంట పని చేసింది, నేల మీద ఉంటుందని. బస్సు డ్రైవరును పెళ్ళి చేసుకుని, అందరూ గాలి కోసం పై అంతస్తులు కోరుకుంటుంటే, బుకిట్ పంజాంగ్‌లో రెండో అంతస్తు ఫ్లాట్ తీసుకుంది. ఎవరింట్లో పెళ్ళయినా చావయినా మెట్ల మీదే వెళ్ళింది. విమానం ఎక్కేది, దానికి కిటికీలున్నాయట. రైలెక్కేది. కదిలే మెట్ల మీద నిలబడేది. మూసుకునే పెట్టె మాత్రం వద్దు. మా ఆవిడ కమలా నేనూ పాసిర్ రిస్‌లో పదకొండో అంతస్తు ఇల్లు కొనుక్కున్నప్పుడు, గృహప్రవేశం నాడు అప్ప పాలగిన్నె పట్టుకుని అన్ని అంతస్తులూ మెట్లెక్కి వచ్చింది. చుక్క తొణకలేదు. ఆడపడుచు చేత్తో పాలు పొంగించి, చెమట తుడుచుకుంటూ, "మీ ఇల్లు బాగున్నాది గాని దేవుడికి దగ్గర కట్టినారు," అంది.

తరవాత మోకాళ్ళు పోయాయి. మెట్లు కుదరలేదు. లిఫ్టు కుదరదు. అప్ప మా ఇంటికి రావడం ఆగిపోయింది. పండగలన్నీ వాళ్ళింట్లోనే. కమల జబ్బుపడి మంచం పట్టిన నెలల్లో అప్ప ద్వీపం ఆ చివర నుంచి ఈ చివరకు రైళ్ళు మారి వచ్చి, మా బ్లాకు కింద ఖాళీలో ఉన్న రాతిబల్ల దగ్గర కూర్చునేది. నాకు ఫోన్ చేసేది. నేను దిగి క్యారియర్ తెచ్చుకునేవాణ్ణి. కమలను కుర్చీలో కిటికీ దగ్గరకు జరిపితే కిందికి చెయ్యి ఊపేది. అప్ప మెడ వెనక్కి వంచి పైకి చెయ్యి ఊపేది. కమల ఆఖరి రోజున కూడా అప్ప లిఫ్టు తలుపు దాకా వచ్చింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది. అప్ప బయటే ఉండిపోయింది. ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నేను ఆమెను తప్పుపట్టలేదు. ఆమె మాత్రం తనను తాను క్షమించుకోలేదు.

ప్రపంచంలో పెద్ద భవనాలు పైనుంచి చూడాలని నాకు ఎప్పటినుంచో ఉండేది. చాంగీ బిజినెస్ పార్క్‌లో బ్యాంకు ఆఫీసులో పనిచేసే సుగుణ, పని మీద షాంఘై వెళ్ళివస్తూ ఉండేది. నన్నూ ఒకసారి తీసుకెళతానంది. అప్పను కూడా పిలుద్దామన్నాను. నా మనసులో ఉన్నది సుగుణకు చెప్పాను. అక్కడ ఒక్కసారి ఎక్కితే, ఇక్కడ మన ఇంటికి వస్తుంది.

"నాన్నా, ఆవిడ లెవెన్త్ ఫ్లోర్‌కే రాదు. వన్ హండ్రెడ్ ప్లస్ ఎలా ఎక్కుతుంది?" అంది సుగుణ.

అప్ప మాత్రం రావడానికి వెంటనే ఒప్పుకుంది. "నాను కింద కూకుంటాను. మీరు ఎక్కండి. ఊరు సూస్తే సాలు నాకు."

హోటల్లో రెండో అంతస్తు గది అడిగి తీసుకున్నాం. మొదటి రోజు, మూడింటిలోనూ పొట్టిదాన్ని ఎక్కాం. గుడి గోపురంలా మెట్లు మెట్లుగా సన్నబడుతూ పోయే భవనం అది. సుగుణా నేనూ పైన ఉన్నంతసేపు అప్ప కింద చెట్ల నీడలో కూర్చుంది. మేం దిగేసరికి ఒక చైనా ముసలావిడ పక్కన కూర్చుని కాల్చిన చిలగడదుంప తింటోంది. ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. అప్ప మలయ్‌లో, ఆవిడ చైనీస్‌లో. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "మోకాళ్ళ సంగతి," అంది అప్ప. రెండో రోజు, తలలో కన్నం ఉన్న భవనం ఎక్కాం. పైన ఒకచోట నేల గాజుది. దాని మీద నిలబడితే నా కాళ్ళ కింద రోడ్డూ కార్లూ కనిపించాయి. నా కాళ్ళు వణికిన సంగతి కిందికి వచ్చి అప్పకు చెప్పలేదు. ఆమె ఏదీ అడగలేదు. ఆ రెండు రోజులూ ఆమె అడక్కపోవడమే నాకు భారంగా ఉంది. ఆ కింద కూర్చున్న మనిషి, మా బ్లాకు కింద రాతిబల్ల దగ్గర కూర్చున్న మనిషే.

మూడో రోజు అన్నిటికంటే ఎత్తయినదాని దగ్గరకు వెళ్ళాం. అది నిటారుగా పోదు. కిందనుంచి పైదాకా మెలితిరుగుతూ పోతుంది. "సీర పిండి నిలబెట్టినట్టున్నాది," అంది అప్ప. పొద్దుట మబ్బులో దాని తల కనిపించలేదు. మబ్బు విడిపోయేదాకా ఆగాం. అప్పుడు కాలిబాట మీద ఆగి అప్ప పైకి చూసింది. నేను మొదట చెప్పిన చూపు అదే.

చాలాసేపు చూసి, చెయ్యి మెడ మీద నుంచి తియ్యకుండానే అంది. "ఒరే మూర్తీ. అయ్య ఇలగే కదురా సూసీవోడు."

"అవునప్పా."

"సూసి సూసి మెడ పోనాది ఆయనకి. నాను కమల కిటికీకేసి ఇలగే సూసినాను." మెడ రుద్దుకుంది. "మెడ నొప్పెడతన్నాదిరా. ఇంక కిందనించి సూడలేను. పద."

"ఎక్కడికి?"

"ఏటి, ఎక్కడికి? పైకి. పదకొండు మేడలకైనా బయమే, దీనికైనా అదే బయం. పడే బయం ఎలాగూ పడాల, పెద్దదాని మీదే పడదాం."

సుగుణ నా ముఖం చూసి, ఆవిడ ముఖం చూసి, "అత్తా, సీరియస్? కెన్ లా, అలాగే, ఇప్పుడే టికెట్ తీస్తాను," అని పరుగెత్తింది. ఆవిడ మనసు మారేలోపు తెచ్చేయాలని ఆ పరుగు.

లిఫ్టు ముందు వరస నెమ్మదిగా కదిలింది. అప్ప నా మోచెయ్యి పట్టుకుని నిలబడింది. నేను ధైర్యం చెప్పలేదు. చెబితే తిరిగి పోతుందని తెలుసు. మా వంతు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి. వెనక జనం నెట్టుకొస్తున్నారు. అప్ప గడప ముందు ఆగిపోయింది. కమల పోయిన రోజున కూడా సరిగ్గా అలాగే ఆగింది. అప్పుడు అప్ప నా మోచెయ్యి వదిలి వంగబోయింది. మోకాలు సహకరించక తూలింది. లోపలున్న యూనిఫారం అమ్మాయి, ముసలావిడ పడిపోతోందనుకుని, ఒక చేత్తో అప్ప భుజం పట్టుకుంది. రెండో చెయ్యి మీట మీదే ఉంచి తలుపు నొక్కి పట్టింది. అప్ప ఆ అమ్మాయి చెయ్యి ఆసరాగా పూర్తిగా వంగి, లిఫ్టు గడపను ముట్టుకుని, వేళ్ళు కళ్ళకద్దుకుంది. ఆ అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. కాని మీట వదల్లేదు. అప్ప లోపలికి అడుగు పెట్టింది.

తలుపులు మూసుకోగానే లోపల దీపాలు తగ్గిపోయాయి. గోడ మీద బొమ్మలు చూపించడానికి చీకటి చేస్తారట, మాకు తెలియదు. అప్ప నా చెయ్యి పట్టుకుంది. లిఫ్టు లేచింది. లేచినట్టు కూడా తెలియలేదు, చెవులు మాత్రం మూసుకుపోయాయి. గోడ మీద అంకెలు చదవలేనంత వేగంగా మారుతున్నాయి. నిన్నటి గాజు నేల గుర్తొచ్చి నా అరచెయ్యి చెమట పట్టింది. అప్ప నా వేళ్ళను గట్టిగా నొక్కి, చీకట్లో నా చెవి దగ్గర అంది.

"జంగన్ తాకుట్ రా, మూర్తీ. జంగన్ తాకుట్."

పక్కన ఎవరో నవ్వారు. అది సుగుణ. ఆ నవ్వులో ఏడుపు కూడా ఉంది.

పైన గాజు గోడ చుట్టూ నడిచాం. నది ఒక పాములా వంకర తిరిగి ఉంది. దాని మీద పడవలు బియ్యపు గింజలు. మబ్బు ముక్క ఒకటి మా కిందుగా పోయింది. అందరూ దూరం చూస్తున్నారు. అప్ప మాత్రం గాజుకు నుదురు ఆనించి, సరిగ్గా కిందికి, మేం మొదటి రెండు రోజులు ఎక్కిన రెండు భవనాల వైపు చూసింది. ఒకదాని తలలో కన్నం. ఇంకోదాని తల, కిందనుంచి చూస్తే గోపురం, పైనుంచి చూస్తే రేకులు రేకులుగా విచ్చుకుని నడిమధ్యన మొలక లేచినట్టు ఉంది.

అప్ప నా భుజం మీద చెయ్యి వేసింది. రెండో చెయ్యి సుగుణ భుజం మీద వేసింది.

"మొవ్వు," అంది. "మొవ్వు కనిపిస్తన్నాది. సూడండి."

ఆ క్షణంలో నాకు వయసు లేదు. అమ్మానాన్నలు అయిదులోనూ తొమ్మిదిలోనూ దిగి గుమ్మం ముందు కలుసుకున్న ఆ ఏడో అంతస్తు మాకు అప్పట్లో ఆకాశం. ఇప్పుడు ఆ బ్లాకు కూడా లేదు, పడగొట్టి ఇంకా ఎత్తయినది కట్టారు. మేం నిలబడిన చోటు నుంచి చూస్తే అలాంటి బ్లాకులు షాంఘై నిండా అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. ఎంత ఎత్తు మారినా ఆనందం మాత్రం అంతే ఉంది. ఒక ముసలి చెయ్యి భుజం మీద పడి, కిందికి చూడు అంటే చాలు. దిగేటప్పుడు అప్ప గడపను ముట్టుకోలేదు. ఒకసారి పరిచయమయ్యాక రోజూ దణ్ణం ఎందుకంది. హోటల్లో ఆ సాయంత్రం తనే లిఫ్టు మీట నొక్కింది, రెండో అంతస్తుకి.

తిరిగి వచ్చి వారమైంది. ఆదివారం నేను వంటింట్లో టీ పెట్టుకుంటుంటే గంట మోగింది. సుగుణ నిద్రపోతోంది. మామూలుగా మా ఇంటికి ఎవరొచ్చినా ముందు ఫోన్ చేస్తారు. అప్ప అయితే కిందనుంచి చేస్తుంది. ఫోన్ మోగలేదు. తలుపు తీస్తే గుమ్మంలో అప్ప. ఒక చేతిలో క్యారియర్, భుజానికి సంచి, సంచిలోంచి కొబ్బరికాయ పిలక బయటికి కనిపిస్తోంది.

"తలుపు తియ్యడానికి ఇంతసేపేటిరా? మీ లిఫ్టేటి, నత్తలాగ వొచ్చింది. ఆ సైనాదే నయం."

"అప్పా, ఆ కొబ్బరికాయ?"

"బయపడకు. లిఫ్టు కాడ కొట్టలేదు. ఇంట్లోనే కొడతాను. బుద్దొచ్చింది కదా."

లోపలికి వచ్చి, తిన్నగా కిటికీ దగ్గరకు వెళ్ళింది. కమల కుర్చీ ఇంకా అక్కడే ఉంది. దాని చెయ్యి పట్టుకుని కిందికి వంగి చూసింది. రాతిబల్ల కనిపిస్తోంది. దాని దగ్గర ఎవరో కూర్చుని ఉన్నారు, చిటికెన వేలి గోరంత. అప్ప చాలాసేపు చూసింది.

"ఇంత సిన్నగా కనిపించీదాన్నా నాను దానికి?" అంది.

"నీ చీర రంగు చెప్పేదప్పా. ఇవాళ పసుపుది కట్టుకుంది, ఇవాళ ఆకుపచ్చది అని రోజూ చెప్పేది."

అప్ప తల ఊపింది. కళ్ళు తుడుచుకోలేదు. వంటింట్లోకి వెళ్ళి ఉప్పు డబ్బా పొయ్యికి అంత దూరంగా ఎందుకు పెట్టావని తిట్టింది. గిన్నె వెతికి తీసి, పాలు పోసి, పొయ్యి వెలిగించింది. సుగుణ లేచి వచ్చి, "అత్తా, యు కేమ్ అప్? బై యువర్‌సెల్ఫ్?" అని ఆవిణ్ణి వెనకనుంచి పట్టేసుకుంది. "వొదులే, పాలు సూడాల," అంది అప్ప. నిప్పు తగ్గించనివ్వలేదు. పాలు పొంగి, గిన్నె అంచు దాటి, పొయ్యి మీదికి కారేదాకా ముగ్గురం అక్కడే నిలబడ్డాం.

ఆ రాత్రి డైరీ రాశాను. వాన లేదు. వంట అప్ప తెచ్చింది, పాలు పొంగాయి. వచ్చినవారు అనే చోట, ఎన్నో ఏళ్ళ తరవాత, అప్ప అని రాశాను. లోపలి గదిలో సుగుణ మంచం మీద అప్ప గురక వినిపిస్తోంది. వెళ్ళినవారు అనే చోట, ఎవరూ లేరు అని రాసి దీపం ఆర్పాను.